మూడుసార్లు పడ్డ ముల్లు

ప్రెజర్ మీటరు ముల్లు ఉన్నట్టుండి కిందికి పడి, మళ్లీ కాస్త లేచింది. పంపు దగ్గరున్న పోలయ్య గబుక్కున ట్యాంకు వైపు తిరిగాడు. గమ్హరియా ఫ్యాక్టరీలో ఆ ట్యాంకు కడగడానికి లోపలికి దిగింది అతని మేనల్లుడు హరికిరణ్. నీళ్ల జోరు పెంచి తగ్గించే రిమోటు వాడి చేతిలోని నీళ్ల గన్ను మీదే ఉంది.

"హరీ, ఏటైందిరా?"

ఇంజిను హోరులో ఆ కేక తనకే వినబడలేదు. ముల్లు మళ్లీ పడింది, లేచింది.

"కొత్త రిమోట్ ఖరాబ్ అయినట్టుంది," అన్నాడు సూపర్‌వైజర్ సుదీప్. "దాన్ని కట్ చేసి, ప్రెజర్ ఇక్కణ్ణుంచే పెంచు."

పోలయ్య చెయ్యి వాల్వు మీద వేశాడు. ముల్లు మూడోసారి పడింది. ఇక లేవలేదు.

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. లోపలున్నవాడు ట్యాంకు గోడను మూడుసార్లు కొడితే, బయటికి లాగమని. రిమోట్లు రాకముందు వాడికి అది నేర్పింది తనే.

"ఖరాబ్ కాదు బాబూ. ఆడు పిలుత్తన్నాడు."

ఇంజిను ఆపేశాడు. ట్యాంకు అడుగునుంచి సన్నగా గొంతు వినిపించింది.

"మావా, కాలు ఇరుక్కుపోనాది. గన్ను కాలి మీదకే తిరిగుంది. జోరు పెంచీకు."