గంగులప్ప పంతం

"నువ్వు సూది ఏపిచ్చుకుంటేనే నేను ఏపిచ్చుకునేది. లేకుంటే పుంగనూరు బస్సెక్కేస్తా!"

కుప్పం ఆసుపత్రిలో మంచం మీద బాసింపట్టు వేసుకుని భీష్మించాడు గంగులప్ప. పుంగనూరులో చింతపండు మండీ ఉన్న పెద్దమనిషి. వయసు అరవై. చేష్టలన్నీ ఆరేళ్ల పిల్లాడివి.

"యోవ్, నాకేమైందని సూది? గుండ్రాయి మాదిరి ఉండాను కదా!" అంది భార్య రెడ్డెమ్మ.

"అయితే? నేనొక్కడినే యాల నొప్పి పడాల?"

వార్డంతా నవ్వింది. తోడొచ్చిన వాళ్లకు కూడా సీసా ఎక్కించడం ఏ ఊళ్లో అయినా ఉందా? నర్సమ్మకు విసుగొచ్చినట్టుంది. "బలానికిలేమ్మా, ఏపిచ్చుకో. మీ ఆయన వినేటట్టు లేడు" అంది. జ్వరమొస్తే మిరియాల కషాయం తాగి పడుకునే రెడ్డెమ్మ, మొగుడి ప్రాణం కోసం కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపింది.

ఈ గోలంతా రెండువేల మూడు ఉగాది తర్వాత మొదలైంది. పుంగనూరులో పెట్టిన ఉచిత క్యాంపులో మొగుడూ పెళ్లాలిద్దరికీ కడుపు స్కానింగ్ తీశారు. వారం తర్వాత కుప్పం రమ్మన్నారు. డాక్టరు గంగులప్పను ఒక్కడినే లోపలికి పిలిచాడు. అతను బయటికొచ్చి వరండాలో కూలబడి బావురుమన్నాడు.

"నాకు కేన్సరంట మే. ఆరుసార్లు మందెక్కించుకుంటే బతకొచ్చంట."

"నేనుండాను కదా, యాల ఏడుస్తావు? ఏం చెయ్యమంటే అది చేస్తా" అంది రెడ్డెమ్మ.

ఆ మాట అనకుండా ఉండాల్సింది, పాపం. ఆ రోజు నుంచి ఆమెను కాల్చుకు తిన్నాడు. మాత్ర మింగాలంటే ముందు ఆమె మింగి చూపించాలి. గుడ్డు ఆమె తింటేనే తను ముట్టుకుంటాడు. తిరుగు బస్సులో ఆమె దారిపొడుగునా వాంతులు చేసుకుంటే, ఒక చేత్తో ఆమె వీపు నిమురుతూ రెండో చేత్తో మిరపకాయ బజ్జీ తిన్నాడు. "దానికి బస్సు పడదులే" అని పక్కవాళ్లకు సర్దిచెప్పాడు కూడా. ఏం మనిషో!

మూడో నెలకు రెడ్డెమ్మ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. చూడ్డానికి మదనపల్లె నుంచి వచ్చిన ఆమె అక్క చిన్నక్కకు ఒళ్లు మండిపోయింది.

"నీ దిగులుతో నా చెల్లెలు పుల్ల మాదిరి అయిపాయ. నువ్వేమో దున్నపోతు మాదిరి ఉండావు. సిగ్గు లేదా గంగులప్పా?"

"లేదు వదినా" అన్నాడు తల వంచుకుని.

రెడ్డెమ్మకే కోపమొచ్చింది. "జబ్బు మనిషిని అట్ల అనొద్దక్కా. ఆయన పోతే నేనెట్ల బతికేది?"

ఆరోసారి మందు అయ్యాక మళ్లీ స్కానింగ్. షరా మామూలే, ఇద్దరికీ. రెడ్డెమ్మ వరండాలో కూర్చుని బోయకొండ గంగమ్మకు మొక్కుకుంటోంది. డాక్టరు గంగులప్పను లోపలికి పిలిచి తలుపు వేశాడు. ఫిల్మును లైటుకు పెట్టి చూపించాడు.

"గడ్డ పూర్తిగా కరిగిపోయింది కదా, ఇప్పుడన్నా ఆ జబ్బు నీది కాదు, తనదేనని ఆమెకు చెప్పవయ్యా!"