ఐదు గంటల పని

“అన్నీ వచ్చాయి గానీ నాన్నా, రోజూ పొద్దున్న ఐదు గంటలది రాలేదు,” అంది దీవెన.

“అయితే ఇదీ వద్దు,” అన్నాడు పరంజ్యోతి.

చీపురుపల్లిలో వాళ్ల బాప్టిస్టు సంఘానికి అతను కార్యదర్శి. ఎవరింట్లో ఎప్పుడు ప్రార్థన కూటం, ఎవరి పుట్టినరోజు, ఎవరికి ఆపరేషను, అన్నీ కంప్యూటర్లో ఒక పాత డైరీ సాఫ్ట్‌వేర్‌లో రాసుకునేవాడు. కొత్తగా కొన్న స్మార్ట్‌ఫోన్‌తో అది సింక్ కాలేదు. దాని బదులు వేరొకటి వెతికే పని కూతురి మీద పడింది. మొదటిది ఫోన్ నంబర్లు తెచ్చి తేదీలు వదిలేసింది. ఇది రెండోది.

ఐదు గంటల దగ్గర ఏం రాసి ఉందో ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడు ఇమ్మానుయేలు కోసం ప్రార్థన. చిన్నప్పుడు తండ్రి అన్నదమ్ములిద్దర్నీ లేపి పక్కపక్కనే మోకాళ్లు వేయించిన వేళ అది. నాలుగేళ్ల కిందట సంఘం ఎన్నికల్లో తమ్ముడు అవతలి పక్షాన నిలబడ్డాడని పరంజ్యోతి అందరి ముందూ నోరు జారాడు. ఇమ్మానుయేలు సాలూరు వెళ్లిపోయి లారీ ఆఫీసు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి మాటల్లేవు.

“రోజూ సేసే ప్రార్థనకి అలారం ఎందుకు నాన్నా? మర్సిపోతావా?”

“మర్సిపోను. ఏదో ఒకరోజు మానేస్తానని బయం.”

వంటింట్లోంచి భార్య కాంతం అందుకుంది. “నాలుగేళ్ల నుంచి దేవుడికి సెప్తన్నారు. ఆ సాలూరు మనిషికి ఒక్కసారి సెప్తే ఏటి పోతాది?”

పరంజ్యోతి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మూడో సాఫ్ట్‌వేర్ అన్నీ తెచ్చింది. ఐదు గంటలది కూడా వచ్చింది. అతను ఫోను చేతిలోకి తీసుకుని, స్తోత్రం చెప్పుకున్నాడు.

పది నిమిషాలు కాకుండానే విజయనగరం ఆసుపత్రి నుంచి వాళ్ల సంఘంలోని స్వర్ణ ఫోన్ చేసింది. సోమవారం తన ఆపరేషను కోసం ప్రార్థన అని మెయిల్ వచ్చిందట. తన సంగతి ఇంకొకరికి గుర్తుందని తెలిసి ధైర్యం వచ్చిందని చెప్పి పెట్టేసింది.

తానెవరికీ మెయిల్ పంపలేదే అనుకున్నాడు పరంజ్యోతి. దీవెన కంప్యూటర్ ముందుకు పరుగెత్తింది. పాతదాంట్లో ‘ఎవరి కోసం’ అన్న గడిలో అతను పేర్లు రాసుకునేవాడు. కొత్తది ఆ పేర్లవాళ్లంతా ఆ పనికి రావలసినవాళ్లే అనుకుంది. మెయిల్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆహ్వానం పంపేసింది. చిన్నాన్న ఆఫీసు మెయిల్ కిందటి క్రిస్మస్‌కి దీవెనే పాతదాంట్లో ఎక్కించింది.

“ఇమ్మానుయేలుకి కూడానా?”

“ఎల్లిపోనాది నాన్నా.”

“కింద నేను రాసుకున్నది?”

దీవెన తల ఊపింది. ‘ప్రభువా, తప్పు నాదే. వాడి మనసు మెత్తబరచు.’ ఒక్క అక్షరం పోకుండా వెళ్లింది.

పరంజ్యోతి దాన్ని వెంటనే తీసేయమన్నాడు. వెనక్కి తీసుకునే దారి లేదంది కూతురు. ప్రార్థన దారి తప్పిందా, ఇన్నాళ్లకి చేరవలసిన చోటికి చేరిందా, అతనికి తోచలేదు. కాంతం తెచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది.

సాయంత్రం ఫోను చిన్నగా చప్పుడు చేసింది. దీవెన చూసి, చదవడానికి తటపటాయించింది.

“ఏటది? సెప్పు.”

“చిన్నాన్న రానన్నాడు నాన్నా.”

పరంజ్యోతి తల వంచుకున్నాడు. నాలుగేళ్ల ప్రార్థనకి ఇదే జవాబైతే ఇదే కానీ అనుకుని, ఫోను కట్టేయమన్నాడు.

“ఆగు నాన్నా, కింద ఇంకా ఉన్నాది,” అంటూ దీవెన ఫోను అతని చేతిలో పెట్టింది.

‘అన్నయ్యా, ఆ వేళకి రాలేను. నాలుగేళ్లుగా ఐదింటికి నా డైరీలో వేరే పని రాసి ఉన్నాది: మా అన్నయ్య కోసం ప్రార్థన.’