మూగ జాంబీలు

శ్మశానం గేటు విరిగింది. జాంబీలు నోళ్లు తెరుచుకుని మీదికొచ్చాయి.

ఒక్కదాని నోటినుంచీ చప్పుడు లేదు.

తుపాకులు పట్టుకున్న కొత్త దంపతులు నవ్వాపుకోలేకపోయారు.

"పళ్ల డాక్టరుకు చూపించుకోడానికి వచ్చినట్టున్నాయి పాపం," అంది భార్య.

ఆటల హాలు యజమానురాలికి మాత్రం నవ్వు రాలేదు. జనాన్ని లోపలికి రప్పించేది ఆ జాంబీల ఆట మిషనొక్కటే. దాని స్పీకర్లు మూగబోయాయి. బాగుచేస్తానన్న మరిది ఇదిగో అదిగో అంటూ రోజులు నెట్టుకొస్తున్నాడు. విసిగిపోయి పాతసామాన్లవాణ్ని పిలిపించింది. మిషను పోతే ఆ వెనకే హాలుకూ తాళం.

పాతసామాన్లవాడు మిషనును తట్టి చూస్తుండగా, ఎక్కడినుంచో గుర్రుమని ఒక మూలుగు.

భార్య చేతిలో తుపాకి జారింది. భర్త ఆమె వెనక దాక్కున్నాడు.

మిషను పక్కన, మఫ్లరు చుట్టుకున్న నెరిసిన మీసాల మనిషొకడు నిలబడి ఉన్నాడు. ఏ జాంబీ లేస్తే దానికి తగ్గ గొంతు పెడుతున్నాడు. లావుదానికి బొంగురు. పాకేదానికి ఈల.

కేకలు విని వీధిలో పోయేవాళ్లు లోపలికొచ్చారు. వరస గుమ్మం దాటింది. పాతసామాన్లవాడు వచ్చిన పని మరిచి తనూ వరసలో నిలబడ్డాడు.

మిషను అమ్మేది లేదని యజమానురాలు అతనికి అక్కడే చెప్పేసింది.

జనం పలచబడ్డాక మఫ్లరు మనిషి ఆమె దగ్గరికొచ్చాడు. ఈ ఆటతో తనకు పాత పరిచయమని, ఏదైనా పనిస్తే ఇక్కడే ఉండిపోతానని, లేదంటే మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కుతానని అన్నాడు.

"రేపు తప్పకుండా స్పీకర్లు బాగుచేస్తానన్నాడు మా మరిది, బాబూ. అసలు గొంతు వచ్చాక అనుకరణ ఎవరిక్కావాలి?"

"అదీ నిజమేనమ్మా," అని నవ్వి వెళ్లిపోయాడు.

మర్నాడు మరిది మాట నిలబెట్టుకున్నాడు. జాంబీలు హాలు దద్దరిల్లేలా అరిచాయి. పరువు దక్కించుకోడానికి మళ్లీ వచ్చిన భర్త, ఈసారి భార్య వెనక దాక్కోకుండానే చివరి జాంబీని కూల్చాడు. ఆ హాల్లో ఆట చివరిదాకా వెళ్లడం అదే మొదలు. ఆట తయారుచేసినవాళ్ల ఫొటోలు ఒక్కొక్కటే రాసాగాయి.

చూద్దామని వచ్చిన యజమానురాలు తెర ముందు అలాగే నిలబడిపోయింది.

"బండి తియ్యరా. నిన్నటాయన్ని తీసుకురావాలి."

"బస్సు ఎప్పుడో కదిలుంటుంది వదినా."

"పై ఊళ్లో ఆగుతుందిగా. పద."

తెరమీద మఫ్లరు లేకుండా, మీసాలు ఇంకా నల్లగా, అతనే నవ్వుతున్నాడు. ఈ ఆటలోని జాంబీలన్నిటికీ గొంతు ఇతనిదేనని ఫొటో కింద రాసుంది.