కీర్తన చెప్పే ఆవిడ

సాయంత్రం టీ తాగి ఆశీర్వాదం వరండాలో కుర్చీ వేసుకున్నాడంటే, ఫోనులో ఆవిడ వీడియో పెట్టుకున్నాడన్నమాటే. వంటింట్లో ఉన్న అతని భార్య హెలెన్‌కు ఆ గొంతు వినబడుతూనే ఉంటుంది.

వంకాయరంగు చీర కట్టుకుని చర్చిలో మైకు ముందు నిలబడి, బైబిలు చూడకుండా అంత పెద్ద కీర్తనా గడగడా చెప్పేస్తుంది ఆవిడ. ఏటా స్త్రీల ఆదివారం నాడు ఎవరో ఒకరు అలా చెప్పడం బాపట్లలో వాళ్ళ చర్చికి ఆనవాయితీ. చాలామంది చెప్పారు. జనం తలుచుకునేది మాత్రం ఆవిడనే.

హెలెన్ గుమ్మంలోకి రాగానే ఆశీర్వాదం వీడియో ఆపేశాడు.

“ఆపడం దేనికి? చూసుకోండి. మీకు ఆవిడంటేనే ఇష్టం.”

“ఎవరితోనూ పోల్చుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది కదా, హెలెన్.”

సవతి ఫోనులో ఉన్నా సవతే. హెలెన్‌కు ఒళ్ళు మండింది. ఈ ఏడు కీర్తన తానే చెప్తానని మర్నాడే వెళ్ళి చర్చి పాస్టరు అయ్యగారికి చెప్పింది. ఆయన కాసేపు నసిగి, “సరేనమ్మా, ప్రయత్నించు,” అన్నారు. ఆవిడనైతే ప్రయత్నించమనేవారా?

కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ గుర్తుండని మనిషి హెలెన్. అందుకే తెనాలి డాక్టరమ్మ కొన్ని అలవాట్లు చెప్పింది. పొద్దున్నే నడవమంది. ఎడమ చేత్తో పళ్ళు తోముకోమంది. చీటీ రాసుకోకుండా బజారుకెళ్ళమంది. పెందలాడే పడుకోమంది. ఇన్నాళ్ళూ వాటిని గాలికొదిలేసిన హెలెన్, ఇప్పుడు ఆవిడ మీద కసితో ఒక్కటీ వదల్లేదు. నడిచే దారికే కీర్తనను మనసులో అతికించుకుంది. రైలు గేటు దగ్గర మొదటి వచనం, ఇడ్లీ కొట్టు దగ్గర రెండోది, వ్యవసాయ కాలేజీ గోడ పొడుగునా మరికొన్ని. మలుపులో చేపలమ్మే నాగమ్మ బుట్ట దగ్గర, నోరు తిరగని ఆ పెద్ద వచనం.

ఒకరోజు బజారులో చర్చి విజయ కలిసింది.

“ఈసారి నువ్వే చెప్తున్నావంటగా వదినా? మంచిదే. కానీ ఆ ఏడాది చెప్పినట్టు మళ్ళీ ఎవరు చెప్తార్లే, వింటుంటే ఒళ్ళు ఝల్లుమంది,” అని ఠక్కున నాలిక్కరుచుకుంది.

హెలెన్ ఆ కడుపుమంటలో కొనాల్సిన కొత్తిమీర మర్చిపోయి ఇంటికొచ్చింది.

స్త్రీల ఆదివారం రానే వచ్చింది. హెలెన్ మైకు ముందు నిలబడింది. గేటు దాటింది, ఇడ్లీ కొట్టు దాటింది, కాలేజీ గోడ దాటింది. మలుపులో ఆగిపోయింది. ముందు వరసలో ఆశీర్వాదం తల దించుకున్నాడు.

ఆ దించుకున్న తల చూసి హెలెన్‌కు రోషం పొడుచుకొచ్చింది. కళ్ళు మూసుకుంది. నాగమ్మ బుట్ట కనబడింది, దాని మీద తడి గోనెపట్టా కనబడింది. వచనం దొరికింది. ఆవిడలా గడగడా కాదు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చివరిదాకా చెప్పింది.

ఆ సాయంత్రం ఆశీర్వాదం టీ పక్కన పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాడు. చర్చిలో ఏడ్చిన అతని కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“ఇవాళ నువ్వు చెప్పింది విజయ పంపింది. ఇక ఆ పాత వీడియో తీసేస్తాను. అది చూసినప్పుడల్లా నువ్వు కుమిలిపోతున్నావు.”

హెలెన్ పాత వీడియోనే పెట్టింది. మొదటిసారి దాన్ని చివరిదాకా చూసింది.

“వద్దండీ, ఉండనివ్వండి, ముందేం రాబోతోందో పాపం ఆవిడకి తెలీదు కదా,” అంటూ హెలెన్, మెదడులో నరం చిట్లక ముందు నాటి తన ముఖాన్ని తెర మీద వేలితో తడిమింది.