ఇంకాసేపు చూడండి

పంతొమ్మిది వందల అరవై ఏడు వేసవిలో, కొండ కడుపులో తొలిచిన బౌద్ధుల నాటి నీళ్లతొట్టి చూద్దామని వెళ్లాను. కాపలాదారు ఇనప తలుపు తాళం తీశాడు. ఊరి ఆడవాళ్లంతా నా వెనకే మెట్లు దిగారు. ప్యాంటు వేసుకున్న కొత్తమనిషిని చూసే సరదా కాబోలనుకున్నాను.

ఆ చీకట్లో గోడల మీది ఉలి గుర్తులు తడిమి, వెనక్కి తిరగబోయాను.

"అప్పుడే సూసేసినారేటి బాబూ?" జగ్గమ్మ అనే ముసలమ్మ గాభరాపడింది. "ఆ మూల సూళ్లేదు. నిదానంగా సూడండి."

సొంత ఊరి వింత మీద ఎంత ప్రేమో అని ముచ్చటేసింది. మరో చుట్టు తిరిగి, బస్సు తప్పిపోతుందని పైకొచ్చేశాను.

అందరం బయటపడగానే కాపలాదారు తాళం వేసేశాడు. వెలుగులోకి వచ్చాకే గమనించాను, ఆడవాళ్ల చంకల్లో నిండు బిందెలు. అందరికన్నా వెనక నిలబడ్డ జగ్గమ్మ బిందె ఒక్కటే ఖాళీ.

"ఆవిడకీ తియ్యవయ్యా," అన్నాను.

"టైమైపోనాది బాబూ. సూడ్డానికి ఎవులన్నా వస్తేనే తియ్యమన్నారు. నానేటి సేస్తాను?" తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

కింద బస్సు హారను మోగింది.

"మా నూతులన్నీ ఎండిపోనాయి బాబూ." జగ్గమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ ఊర్లో అందరికీ సెప్పండి, ఈ తొట్టి సూడ్డానికి బలేగుంటాదని."