మొదటి అరుపు

సూర్యాపేట పశువుల దవాఖానలో డాక్టరు పిల్లికూనను చూసి పెదవి విరిచాడు. బతకడం కష్టమేనన్నాడు. వనిత కూనను కొంగులో చుట్టుకుని తిరుమలగిరి బస్సెక్కింది.

డాక్టరు చెప్పిన పాలపొడి కలిపి, సిరంజితో చుక్కచుక్కగా తాగించింది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టింది. గిన్నెలు తోమినట్టే ఈ పని కూడా చేసింది. ముఖంలో ఏమీ లేదు.

"అది బతికేటట్టు లేదు గని, నువ్వన్న జర తిను బిడ్డా," అనేది అత్త సాలమ్మ.

"తింట," అనేది వనిత. తినేది కాదు.

వారం దాటాక ఒక పొద్దున కూన తల ఎత్తింది. నోరంతా తెరిచి గట్టిగా అరిచింది.

"ఆకలైతున్నదే దానికి! ఇగ బతికినట్టే!" అంటూ సాలమ్మ వంటింట్లోంచి వచ్చింది.

కోడలిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వనిత జాకెట్ ముందంతా తడిసిపోయి ఉంది.

కాన్పు దవాఖాన నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన రోజు వనిత ఏడవలేదు. ఇప్పుడూ ఏడవలేదు. తడిసిన జాకెట్ వైపు చూసుకుంది.

"పాలింకా వస్తున్నయ్ అత్తమ్మా," అన్నది. "ఏం జెయ్యాలె?"