మరీ స్పష్టంగా వద్దు

“ఇది చూడండి సార్. అరచేతిలో ఇమిడిపోతుంది. మెడలో వేసుకున్న సంగతే మరిచిపోతారు. ఆ ఎదురు మేడ మీద దండెం చూడండి.”

డ్రాయింగ్ మాస్టారు బైనాక్యులర్ కళ్లకు ఆనించుకున్నారు. దండెం మీద చొక్కా, చొక్కాకు ఊడిన బొత్తాం, ఊడినచోట వేలాడుతున్న దారం, అన్నీ కనిపించాయి. ఆయన పెదవి విరిచారు.

“బరువు బాగానే ఉంది కానీ, చూపే కాస్త ఎక్కువైంది.”

“చూపు ఎక్కువవడం ఏంటి సార్?” అన్నాడు కొట్టతను.

“అడవిలో పక్షుల్ని చూడ్డానికి బాబూ. దారాలు లెక్కపెట్టడానికి కాదు.”

కొట్టతను ఇంకొకటి తీశాడు. అది మరీ దారుణం. మేడ గోడ మీద చీమలు బారులు తీరి కనిపించాయి. మాస్టారు దాన్ని వేడి గిన్నె దింపినట్టు బల్ల మీద దింపేశారు.

ఊళ్లో ఇలాంటివి అమ్మే కొట్టు అదొక్కటే. ఆదివారానికి ఇంకా రెండు రోజులే ఉంది.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఆరుగురు రిటైరైనవాళ్లు ఊరి చివర గుట్ట ఎక్కుతారు. లోయకు అవతల ఎండుచెట్టు మీద కూర్చున్న గుడ్లగూబను చూస్తారు. ఆరేళ్ల కిందట దాన్ని కనిపెట్టింది మాస్టారే. దాని పుణ్యమా అని సంఘం పుట్టింది. భార్య పోయాక నోరు విప్పని పోస్టుమాస్టరు అక్కడ వాగుడుకాయ అయ్యాడు. మోకాళ్ల నొప్పుల నర్సమ్మ ఫ్లాస్కు పట్టుకుని అందరికంటే ముందు పైకి చేరుతుంది. టైలరు ఆ పక్షి దినచర్యతో రెండు నోటు పుస్తకాలు నింపాడు. ‘కదల్లేదు’ అనే ఒక్క ముక్కను ఇన్ని రకాలుగా రాయొచ్చని అంతకుముందు ఎవరికీ తెలియదు.

కిందటి నెల మాస్టారికి దాని బొమ్మ దగ్గర్నుంచి గీయాలని బుద్ధి పుట్టింది. ఎవరికీ చెప్పకుండా లోయ చుట్టూ తిరిగి చెట్టు కిందకు వెళ్లారు. పైన గుడ్లగూబ లేదు. కోతులు ఎవరి దగ్గరో లాక్కుని కొమ్మకు తగిలించిన తోలు సంచి ఉంది. వానలకు ఉబ్బింది. కళ్లు రెండూ ఇత్తడి గుండీలు.

ఆయన ఖాళీ కాగితంతో ఇంటికొచ్చి నోరు కుట్టేసుకున్నారు. ఈ సంగతి బయటపడితే ఇక ఆదివారాలు ఉండవు. పోస్టుమాస్టరు మళ్లీ గోడ వైపు తిరిగి కూర్చుంటాడు.

ఇంతలో కొత్త చిక్కు. ఇటుకల్లాంటి, మసకబారిన పాత బైనాక్యులర్లతో మెడలు పట్టేస్తున్నాయని, అందరికీ చిన్నవి, తేలికవి కొనాలని సంఘం తీర్మానించింది. ఎంపిక మాస్టారిదే.

“బరువు తగ్గితే చాలు మాస్టారూ. చూపుదేముంది, ఎలాగోలా కనిపిస్తుంది” అన్నాడు పోస్టుమాస్టరు.

“మరీ దగ్గరగా చూస్తే పాపం పక్షి సిగ్గుపడుతుందండీ” అంది నర్సమ్మ.

టైలరైతే కళ్లు దించుకుని నోటు పుస్తకం మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. ఇంత అమాయకుల్ని మోసం చేస్తున్నానే అని మాస్టారికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇప్పుడు బల్ల మీద తొమ్మిది బైనాక్యులర్లు. తొమ్మిదీ నిజమే చెబుతున్నాయి.

“ఇంకేం లేవా బాబూ?”

“ఉన్నాయి కానీ చూపించడానికి మొహం చెల్లట్లేదు సార్.” కొట్టతను బల్ల కింద నుంచి దుమ్ము పెట్టె లాగాడు. “లోపల తేమ చేరి పాడైన సరుకు. కొన్నవాళ్లు తిట్టి మరీ మొహాన కొట్టిపోయారు.”

మాస్టారు చూశారు. ఎదురు మేడ మబ్బులా ఉంది. దండెం మబ్బులో మబ్బులా ఉంది. వీధిలో కుక్కో మేకో సైకిలో ఏదో పోతోంది.

“బ్రహ్మాండం! ఆరు కట్టేయ్.”

“సార్, నా మనసు ఒప్పట్లేదు. ఇందులో ఏనుగొచ్చినా గోడ అనుకుంటారు.”

“మా వైపు ఏనుగులు రావులే. కట్టు.”

కొట్టతను నిట్టూర్చి బిల్లు పుస్తకం తీశాడు. “ఎవరి పేరు మీద రాయమంటారు?”

“ఆదివారం పక్షి సంఘం అని రాయి.”

కలం ఆగిపోయింది. కొట్టతను తలెత్తి మాస్టారిని ఎగాదిగా చూశాడు. తర్వాత బల్ల మీద పరిచిన తొమ్మిదింటినీ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“ఆ మాస్టారు మీరేనా? గంట నుంచి నా ప్రాణం తీసే బదులు ముందే చెప్పొద్దా సార్, చెట్టు మీదున్నది సంచి అని తెలిస్తే మీరు తట్టుకోలేరని, మీకు మసకవే అంటగట్టమని, మీ వాళ్లు ఐదుగురూ ఈ వారంలో ఒకరికి తెలియకుండా ఒకరొచ్చి నా చేతులు పట్టుకుని బతిమాలి పోయారు!”